నొప్పి ఎక్కడ ముదురుతోంది, మందు ఎక్కడ పడుతోంది

కాలి బొటనవేలు గడపకు గట్టిగా తగిలితే నొప్పి రెండు విడతలుగా వస్తుంది. తగిలీ తగలగానే చురుక్కున ఒక పోటు. సుమారు సెకను తర్వాత లోపలి నుంచి సలుపు మొదలై నిమిషాల తరబడి పీకుతుంది. దెబ్బ ఒకటే, కబురు మోసే నరాలు మాత్రం రెండు రకాలు. ఏ-డెల్టా తంతువుల మీద మైలిన్ అనే పలచటి కొవ్వు పొర ఉంటుంది. వాటిలో సంకేతం సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో వెళ్తుంది. సీ తంతువులకు ఆ పొర లేదు, వాటి వేగం సెకనుకు 0.5 నుంచి 2 మీటర్లే. కాలి వేలి నుంచి వెన్నుపాము దాకా మీటరు దూరం అనుకుంటే ఈ తేడా స్పష్టంగా తెలిసిపోతుంది.

దెబ్బ తగిలిన వెంటనే ఎవరూ నేర్పకుండానే మనిషి చేసే పని ఒకటుంది. వేలిని గట్టిగా పట్టుకుని రుద్దుతాడు. కాస్త ఉపశమనం కూడా కలుగుతుంది. గాయం అలాగే ఉంది, నరాలూ అవే, అయినా నొప్పి తగ్గింది. గాయం ఎంతో నొప్పి అంతే అనుకుంటే దీనికి సమాధానం దొరకదు. నొప్పి అధ్యయనానికి ఏర్పడిన అంతర్జాతీయ సంఘం 1979లో ఇచ్చిన నిర్వచనాన్ని 2020లో సవరించినప్పుడు ఈ మాటే విడమరిచి చెప్పింది: నరాల్లో ప్రమాద సంకేతం పరుగెత్తడం వేరు, నొప్పి అనుభవించడం వేరు. ఒకటి లేకుండా రెండోది ఉండొచ్చు.

దెబ్బ తగిలిన చోటు, అక్కడి నుంచి బయల్దేరే నరం, వెన్నుపాము, మెదడు. సంకేతం దాటే ఈ ప్రతి మజిలీలోనూ అది పెరగనూ వచ్చు, తగ్గనూ వచ్చు. నొప్పికి వాడే ప్రతి మందూ, ప్రతి ఉపాయమూ వీటిలో ఏదో ఒక చోట పనిచేసేదే. ‘ఎన్ని మాత్రలు మింగినా తగ్గడం లేదు’ అనే ఫిర్యాదులో చాలాసార్లు మాత్ర తప్పేమీ ఉండదు. నొప్పి ఒకచోట ముదురుతుంటే మందు ఇంకోచోట పడుతోంది, అంతే.

దెబ్బ తగిలిన చోట

చర్మంలో, కండరాల్లో, కీళ్ల చుట్టూ, ఎముక పై పొరలో నొప్పి నరాల కొసలు విడివిడిగా అల్లుకుని ఉంటాయి. వాటి మీద ఒక్కో ప్రమాదానికి ఒక్కో గ్రాహకం. టీఆర్‌పీవీ1 అనేది వాటిలో బాగా పేరున్నది. దాదాపు 43 డిగ్రీల సెల్సియస్ వేడికి అది తెరుచుకుంటుంది. మిరపకాయలోని క్యాప్సైసిన్‌కీ అదే తెరుచుకుంటుంది. కారం తగిలిన నాలుక నిజంగా కాలినట్టే మండడానికి కారణం ఇదే. మెదడుకు చేరే కబురులో కారానికీ వేడికీ తేడా లేదు. 1997లో ఈ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్ బహుమతిలో వాటా దక్కింది.

దెబ్బ తగిలిన కొన్ని గంటలకు ఆ చోటు ఎర్రబడి, వాచి, ముట్టుకుంటే భరించలేనట్టు అవుతుంది. దెబ్బతిన్న కణాల నుంచి, అక్కడికి చేరిన తెల్ల రక్తకణాల నుంచి ప్రోస్టాగ్లాండిన్లు, బ్రాడికినిన్, హిస్టమిన్ వంటి రసాయనాలు ఊరడం వల్ల ఇలా జరుగుతుంది. వీటిలో ప్రోస్టాగ్లాండిన్లు చేసే పని ప్రత్యేకమైనది. అవి సొంతంగా పెద్ద నొప్పి పుట్టించవు. నరాల కొసలు ఎంత తాకిడికి స్పందించాలో ఆ హద్దును కిందకు దించుతాయి. ఎండకు కమిలిన వీపు మీద గోరువెచ్చని నీళ్లు పడితే మరిగే నీళ్లు పోసినట్టు ఉంటుంది. నీళ్ల వేడి పెరగలేదు, గ్రాహకం తెరుచుకునే హద్దు ఒంటి వేడి దగ్గరకు పడిపోయింది.

ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ పనిచేసేది సరిగ్గా ఇక్కడే. ప్రోస్టాగ్లాండిన్లను తయారుచేసే కాక్స్ అనే ఎంజైమును ఇవి ఆపుతాయి. జాన్ వేన్ 1971లో ఈ సంగతి తేల్చాడు. దీన్నిబట్టి ఈ మందులు ఎక్కడ పనికొస్తాయో ముందే చెప్పవచ్చు. వాపు ఉన్న నొప్పికి, అంటే బెణుకుకు, పన్ను పీకాక వచ్చే నొప్పికి, కీళ్ల వాపుకు, నెలసరి నొప్పికి బాగా పనిచేస్తాయి. నరమే దెబ్బతిని పుట్టే మంటకు, తిమ్మిరికి దాదాపు పనిచేయవు. నెలసరి నొప్పి గర్భాశయంలో ప్రోస్టాగ్లాండిన్లు ఎక్కువగా తయారవడం వల్ల వస్తుంది. కాబట్టి నొప్పి పూర్తిగా ముదిరాక మింగే మాత్ర కంటే మొదటి సూచన కనిపించగానే వేసుకున్నది బాగా పనిచేస్తుంది. అప్పటికే తయారైన రసాయనాన్ని ఈ మందు వెనక్కి తీసుకోలేదు, కొత్తగా తయారు కాకుండా మాత్రమే ఆపగలదు.

నరంలో సంకేతాన్నే ఆపే మందు లిడోకైన్. నరం గోడలోని సోడియం దారులను అది లోపలి వైపు నుంచి మూసేస్తుంది. చీము పట్టిన పన్ను దగ్గర మత్తు ఇంజెక్షన్ ఎక్కకపోవడం చాలామందికి అనుభవమే. లిడోకైన్ నరంలోకి దూరాలంటే విద్యుదావేశం లేని రూపంలో ఉండాలి. చీము పట్టిన చోట ఆమ్లత్వం ఎక్కువై, మందులో అధిక భాగం ఆవేశం ఉన్న రూపంలోకి మారి బయటే ఉండిపోతుంది. మోతాదు పెంచినా పెద్ద లాభం ఉండదు. అందుకే దంతవైద్యులు చీముకు దూరంగా, నరం వచ్చే దారిలో పైన ఎక్కడో మత్తు ఇస్తారు.

వెన్నుపాములో

రుద్దితే నొప్పి ఎందుకు తగ్గుతుందన్నది ఇక్కడ తేలుతుంది. స్పర్శను మోసే ఏ-బీటా తంతువులు మందంగా, వేగంగా ఉంటాయి. అవి వెన్నుపాములో ప్రవేశించే చోట చిన్న నాడీకణాలను ఉత్తేజపరుస్తాయి, ఆ కణాలు నొప్పి సంకేతం పైకి పోకుండా కొంతవరకు అడ్డుకుంటాయి. రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 1965లో ప్రతిపాదించిన ‘గేటు’ సిద్ధాంతం సారాంశం ఇదే. దాని వివరాలు కొన్ని తర్వాత మారాయి, మూల భావన నిలిచింది. చర్మం మీద అంటించి సన్నని కరెంటు పంపే టెన్స్ యంత్రాన్ని సాధారణంగా 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు అన్నిసార్లు కరెంటు తగిలేలా పెడతారు. కరెంటు జోరు ఒళ్లు జిలజిలమనేంత ఉండాలి, నొప్పి మాత్రం పుట్టకూడదు. జిలజిల తెలియనంత తక్కువగా పెట్టుకుంటే ఏ-బీటా తంతువులు కదలవు. యంత్రం పనిచేయలేదనేవారిలో కొందరి పొరపాటు ఇదే. ప్రభావం కూడా యంత్రం పెట్టుకున్నంతసేపు, ఆ తర్వాత కొద్దిసేపు మాత్రమే.

ఇదే వెన్నుపాము నొప్పిని పెంచగలదు కూడా. సీ తంతువుల నుంచి సంకేతాలు ఎడతెగకుండా వస్తుంటే అక్కడి కణాలు ప్రతి సంకేతానికీ అంతకుముందు కంటే గట్టిగా స్పందించడం మొదలుపెడతాయి. క్లిఫర్డ్ వుల్ఫ్ 1983లో దీన్ని ప్రయోగంలో చూపించాడు. ఈ స్థితిలో దుప్పటి తగిలినా నొప్పే. గాయం లేని చుట్టుపక్కల చోటుకూ నొప్పి పాకుతుంది. గాయం మానినా ఈ స్పందన తగ్గకపోతే నొప్పి దీర్ఘకాలికమవుతుంది. మూడు నెలలు దాటిన నొప్పిని వైద్యులు ఆ కోవలో చేరుస్తారు. ఆపరేషన్ తర్వాత మొదటి రెండు మూడు రోజులు నొప్పి మాత్రలను వేళకు వేసుకోమనడానికి ఒక కారణం ఇక్కడుంది. ఓర్చుకుని, ఓర్చుకుని, ఇక తట్టుకోలేక అడిగేసరికి అదే నొప్పిని అణచడానికి ఎక్కువ మందు పడుతుంది.

వెన్నుపాములో ఇంకో తిరకాసుంది. లోపలి అవయవాల నరాలూ, చర్మం నుంచి వచ్చే నరాలూ అక్కడ ఒకే కణాల మీద వాలతాయి. సంకేతం ఎక్కడి నుంచి వచ్చిందో మెదడుకు స్పష్టంగా తెలియదు. గుండెపోటులో ఎడమ చెయ్యి, దవడ లాగడం అందుకే. పిత్తాశయం వాచినా, పొట్టలో రక్తస్రావం జరిగినా ఉదరవితానం నరం ద్వారా భుజం కొసన నొప్పి తెలుస్తుంది. పిల్లవాడు మోకాలు నొప్పని కుంటుతుంటే, మోకాలు ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోతే, తుంటి కీలును తప్పక చూడాలి. తుంటి జబ్బు మోకాలి నొప్పిగా బయటపడటం, దాన్ని ఆలస్యంగా గుర్తించడం తరచూ జరిగేదే.

మెదడులో

మెదడులో నొప్పికంటూ ఒక్క కేంద్రం లేదు. ఎక్కడ నొప్పో చెప్పే భాగాలు వేరు, అది ఎంత బాధాకరమో చెప్పే భాగాలు వేరు. అంతకంటే ముఖ్యమైనది, మెదడు నుంచి వెన్నుపాముకు దిగే ఒక దారి. దాని ద్వారా మెదడు కింది నుంచి వచ్చే సంకేతాన్ని అణచగలదు. శరీరంలోనే తయారయ్యే ఎండార్ఫిన్లు, సెరటోనిన్, నారడ్రినలిన్ ఆ దారిలో పనిచేస్తాయి. రెండో ప్రపంచ యుద్ధంలో తీవ్రంగా గాయపడిన సైనికుల్లో చాలామంది, అడిగినా నొప్పి మందు వద్దన్నారని సైనిక వైద్యుడు హెన్రీ బీచర్ 1946లో రాశాడు. వాళ్లకు ఆ గాయం అంటే యుద్ధభూమి నుంచి ప్రాణాలతో బయటపడటం.

నమ్మకంతో నొప్పి తగ్గితే అది ఉత్త ఊహ అని కొట్టిపారేసేవారు. 1978లో పన్ను పీకించుకున్నవారిపై చేసిన ఒక ప్రయోగం ఆ మాటను తిప్పికొట్టింది. ఉత్తుత్తి మందుతో నొప్పి తగ్గినవారికి నలాక్సోన్ ఇస్తే నొప్పి మళ్లీ పెరిగింది. నలాక్సోన్ అనేది మార్ఫిన్‌కు, ఎండార్ఫిన్లకు విరుగుడు. అంటే నమ్మకం వల్ల శరీరంలో నిజంగానే మందు ఊరింది. దీని రెండో వైపు కూడా అంతే నిజం. భయం, నిద్రలేమి, ‘నా వెన్ను అరిగిపోయింది, ఇక వంగకూడదు’ అన్న నమ్మకం, ఇవన్నీ నొప్పిని పెంచుతాయి. ఒక్క రాత్రి నిద్ర చెడినా మర్నాడు నొప్పిని తట్టుకునే హద్దు పడిపోతుంది.

స్కానింగు రిపోర్టులు ఈ భయానికి బాగా ఎరువు వేస్తున్నాయి. ఏ నొప్పీ లేనివారి వెన్ను స్కానింగుల మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2015లో ఒక సమీక్ష వెలువడింది. 20 ఏళ్ల వయసువారిలో 37 శాతం మందికి, 80 ఏళ్లవారిలో 96 శాతం మందికి డిస్కులు అరిగినట్టు కనిపించింది. డిస్కు ఉబ్బడం 20 ఏళ్లవారిలోనే 30 శాతం. వీళ్లెవరికీ నడుము నొప్పి లేదు. రిపోర్టులో ఆ మాట ఉన్నంత మాత్రాన నొప్పికి అదే కారణమని తేలిపోదు.

నొప్పి ఏ రకందో పట్టుకోవడం

మందు ఎంచుకునే ముందు నొప్పి ఏ మజిలీలో ముదురుతోందో తెలియాలి. దానికి స్కానింగు కంటే మనిషి చెప్పే మాటలే ఎక్కువ పనికొస్తాయి. సలుపుతోంది, పట్టేసింది, కదిలిస్తే పోటు, కదపకపోతే ఊరట అంటే అది కణజాలం నుంచి వచ్చే నొప్పి. మంట, కరెంటు షాకు కొట్టినట్టు జివ్వుమనడం, సూదులతో గుచ్చినట్టు ఉండటం, ఒకే చోట మొద్దుబారడమూ నొప్పీ రెండూ ఉండటం, ఇవి నరం దెబ్బతిన్న గుర్తులు. మధుమేహంలో అరికాళ్ల మంట, సర్పి తగ్గాక మిగిలే మంట, వెన్ను నుంచి కాలి మడమ దాకా దిగే లాగుడు ఈ కోవలోవి. ఇక ఒళ్లంతా చోట్లు మారుతూ నొప్పులు, నిద్ర పట్టకపోవడం, అలసట, చిన్న శబ్దానికీ వెలుతురుకూ చిరాకు, పరీక్షల్లో ఏమీ తేలకపోవడం ఉంటే నొప్పి వ్యవస్థే అతిగా స్పందిస్తోందని అర్థం. ఫైబ్రోమయాల్జియా దీనికి ఉదాహరణ. పరీక్షల్లో ఏమీ లేదు కాబట్టి నొప్పే లేదనడం పాత అజ్ఞానం. ఈ మూడో రకానికి 2017లో ఒక ప్రత్యేకమైన పేరు కూడా పెట్టారు.

ఒకే మనిషిలో రెండు రకాలు కలిసి ఉండొచ్చు. మోకాలి కీలు అరిగినవారిలో కొందరికి కీలు మార్పిడి తర్వాత కూడా నొప్పి మిగలడానికి ఇదొక కారణం.

మాత్రలు: మోతాదు, పొరపాట్లు

పారాసెటమాల్ పెద్దవాళ్లకు ఒక్కో మోతాదు 500 మి.గ్రా. నుంచి 1 గ్రాము. మోతాదుకూ మోతాదుకూ మధ్య కనీసం 4 గంటలు, వీలైతే 6 గంటలు వ్యవధి ఉండాలి. 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. 50 కిలోల లోపు బరువున్నవారు, రోజూ మద్యం తాగేవారు, కాలేయ జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి 2 నుంచి 3 గ్రాములకే పరిమితం కావాలి. ఈ హద్దు తెలిసి ఎవరూ దాటరు. దాటేది తెలియకుండానే. జలుబు మాత్రలో పారాసెటమాల్, ఒంటి నొప్పుల మాత్రలో పారాసెటమాల్, పైన విడిగా మరొకటి. ప్రతి అట్ట మీదా కలిసిన మందుల పేర్లు చదివి లెక్క వేసుకోవాల్సిందే.

హద్దు దాటితే ఏం జరుగుతుందో తెలుసుకోవడం మంచిది. పారాసెటమాల్‌లో కొంత భాగం కాలేయంలో విషపదార్థంగా మారుతుంది. గ్లూటాథయాన్ అనే పదార్థం దాన్ని ఎప్పటికప్పుడు విరిచేస్తుంది. ఎక్కువ మందు పడితే గ్లూటాథయాన్ అయిపోయి ఆ విషం కాలేయ కణాలను చంపుతుంది. దీనిలో దగా ఏమిటంటే మొదటిరోజు వికారం తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. కాలేయం దెబ్బ రెండో మూడో రోజున బయటపడుతుంది. విరుగుడైన ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ 8 గంటల లోపు ఇస్తే చాలా బాగా పనిచేస్తుంది. కాబట్టి ఎక్కువ మింగినట్టు తెలియగానే, బాగానే ఉన్నా, ఆసుపత్రికి వెళ్లాలి.

పిల్లల విషయంలో పొరపాటు మందులో కాదు, కొలతలో జరుగుతుంది. మోతాదు బరువును బట్టి ఉంటుంది: కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. పన్నెండు కిలోల బిడ్డకు కిలోకు 15 చొప్పున 180 మి.గ్రా. అనుకుందాం. 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉన్న సిరప్ అయితే అది 7.5 మి.లీ. 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉన్న సిరప్ అయితే 3.6 మి.లీ. ఒక మి.లీ.లో 100 మి.గ్రా. ఉన్న చుక్కల మందు అయితే 1.8 మి.లీ. మాత్రమే. సిరప్‌కు అలవాటుపడిన చేత్తో చుక్కల మందును 7.5 మి.లీ. పోస్తే ఒక్కసారే 750 మి.గ్రా. లోపలికి పోతుంది. వంటింటి చెంచాలు పక్కన పెట్టి, సీసాతో వచ్చిన కొలతే వాడాలి. పిల్లలకు, యుక్తవయసువారికి ఆస్పిరిన్ ఇవ్వకూడదు. వైరల్ జ్వరాల్లో అది రైస్ సిండ్రోమ్ అనే ప్రాణాంతకమైన స్థితికి దారితీయవచ్చు.

ఐబుప్రొఫెన్ పెద్దవాళ్లకు 200 నుంచి 400 మి.గ్రా., ఏదైనా తిన్నాక, 6 నుంచి 8 గంటలకోసారి. చీటీ లేకుండా సొంతంగా వాడుకుంటే రోజుకు 1,200 మి.గ్రా. దాటకూడదు. కడుపులో పూతను కాపాడేది, కిడ్నీకి రక్తం సరిగా చేరేలా చూసేది కూడా ప్రోస్టాగ్లాండిన్లే. వాటిని ఆపే మందు నొప్పినే కాదు, ఈ రక్షణనూ ఆపుతుంది. ఇంజెక్షన్‌గా తీసుకుంటే కడుపుకు ఏమీ కాదనుకోవడం అందుకే తప్పు. మందు రక్తం ద్వారానే అక్కడికి చేరుతుంది. అల్సర్ వచ్చినవారు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, ఈ మందులకు ఆయాసం వచ్చేవారు డాక్టరు చెప్పకుండా ముట్టుకోకూడదు. గర్భిణులు 20వ వారం నుంచి దూరంగా ఉండాలి. డెంగీ అనుమానం ఉన్న జ్వరంలో రక్తస్రావం భయంతో వీటిని వాడరు. బీపీకి వాడే ఏసీఈ నిరోధకం, మూత్రం ఎక్కువ పోయించే మాత్ర రెండూ వాడేవారు వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు పైన ఐబుప్రొఫెన్ కూడా వేసుకుంటే కిడ్నీ ఒక్కసారిగా మొరాయించవచ్చు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కలిపి మింగితే నొప్పి రెట్టింపు తగ్గదు, నష్టం మాత్రం పెరుగుతుంది.

పారాసెటమాల్‌తో ఐబుప్రొఫెన్ కలపడం వేరే సంగతి. రెండూ వేర్వేరు దారుల్లో పనిచేస్తాయి. ఆపరేషన్ తర్వాతి నొప్పి మీద జరిగిన పరీక్షలను క్రోడీకరించి, ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే ఒక్కరికి అదనంగా నొప్పి సగానికి తగ్గాలంటే ఎంతమందికి మందు ఇవ్వాలో లెక్క కట్టారు. ఈ సంఖ్య ఎంత చిన్నదైతే మందు అంత మేలు. 60 మి.గ్రా. కోడీన్‌కు సుమారు 12, గ్రాము పారాసెటమాల్‌కు సుమారు 3.6, ఐబుప్రొఫెన్ 400 మి.గ్రా.కు 2.5. ఐబుప్రొఫెన్ 200, పారాసెటమాల్ 500 కలిపి ఇస్తే సుమారు 1.6. ‘గట్టి మందు’ అని పేరున్న కోడీన్ ఈ వరసలో అట్టడుగున ఉంది.

నడుము పట్టేసినప్పుడు ఈ లెక్కలు చెల్లవు. కొత్తగా వచ్చిన నడుము నొప్పి మీద 2014లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో పారాసెటమాల్ వాడినవారు కోలుకోవడానికి పట్టిన మధ్యగత కాలం 17 రోజులు, ఉత్తుత్తి మాత్ర వాడినవారికి 16 రోజులు. 2023లో ఓపియాయిడ్ (మార్ఫిన్ కోవకు చెందిన) మాత్రతో జరిగిన పరీక్షలోనూ నడుము, మెడ నొప్పులకు ఉత్తుత్తి మాత్రను మించిన ఫలితం రాలేదు.

నరాల నొప్పికి ఇచ్చే మందులు పూర్తిగా వేరు: అమిట్రిప్టిలిన్, డులాక్సిటిన్, గబాపెంటిన్, ప్రెగాబాలిన్. మొదటి రెండూ డిప్రెషన్ మందులుగా పేరుపడ్డాయి. చీటీలో అది చూసి ‘నాకేమైనా పిచ్చా’ అని మానేసేవారు చాలామంది. మెదడు నుంచి దిగే దారిలో సెరటోనిన్, నారడ్రినలిన్‌లను పెంచడమే వాటి పని, అందుకే నొప్పి అణుగుతుంది. అమిట్రిప్టిలిన్‌ను నొప్పికి రాత్రిపూట 10 మి.గ్రా. దగ్గర మొదలుపెడతారు, డిప్రెషన్‌కు ఇచ్చే మోతాదు దానికి ఎన్నో రెట్లు. ఈ మందులేవీ మొదటిరోజే పనిచేయవు. మోతాదు మెల్లగా పెంచుతూ కనీసం కొన్ని వారాలు చూడాలి. మొదట్లో మత్తు, నోరు ఎండడం, తల తిరగడం ఉంటాయి. మానేటప్పుడు కూడా ఒక్కసారిగా కాకుండా దించుకుంటూ రావాలి. ముఖంలో ఒకవైపు కరెంటు కొట్టినట్టు వచ్చే ట్రైజెమినల్ న్యూరాల్జియాకు మాత్రం మొదటి మందు కార్బమజెపిన్. సర్పి పొక్కులు కనిపించిన 72 గంటల్లో వైరస్ మందు మొదలుపెడితే జబ్బు, దాని నొప్పి త్వరగా తగ్గుతాయి.

మార్ఫిన్ వంటి ఓపియాయిడ్లకు క్యాన్సర్ నొప్పిలో, పెద్ద గాయాల్లో, ఆపరేషన్ తర్వాత సాటి లేదు. అక్కడ అలవాటు పడతారనే భయంతో మందు ఆపేయడం క్రూరత్వమే. దీర్ఘకాలిక నడుము నొప్పి, ఫైబ్రోమయాల్జియా వంటి వాటికి నెలల తరబడి వాడితే మాత్రం మోతాదు పెరుగుతూ పోతుంది, ఒక్కోసారి మందే నొప్పిని పెంచుతుంది. మిగతా దుష్ఫలితాలకు శరీరం అలవాటు పడుతుంది గానీ మలబద్ధకానికి పడదు. అందుకే మొదటిరోజు నుంచే విరేచనకారి కూడా ఇస్తారు.

తలనొప్పి మాత్రలు తలనొప్పినే తెచ్చే సందర్భం ఒకటుంది. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, మైగ్రేన్‌కు వాడే ట్రిప్టాన్లు, కోడీన్ వంటివి, రెండు మూడు మందులు కలిసిన మాత్రలు నెలలో 10 రోజులు, ఇలా మూడు నెలలకు మించి వాడితే రోజూ తలనొప్పి వచ్చే స్థితి ఏర్పడుతుంది. ఎన్ని మాత్రలు మింగారన్నది కాదు, ఎన్ని రోజులు మింగారన్నదే లెక్క. మందు ఆపాక మొదటి వారం పది రోజులు నొప్పి పెరుగుతుంది, చాలామంది అక్కడే ఓడిపోయి మళ్లీ మాత్ర అందుకుంటారు.

మందు కాని మార్గాలు

మోకాలు, వేళ్ల కీళ్ల నొప్పికి పూసే డైక్లోఫెనాక్ జెల్ మాత్రకు దీటుగా పనిచేయగలదు, రక్తంలోకి చేరేది చాలా కొద్ది. బఠాణీ గింజంత రాసి ఊరుకుంటే లాభం లేదు. 1 శాతం జెల్ అయితే మోకాలికి ఒక్కసారికి 4 గ్రాములు, రోజుకు నాలుగుసార్లు. తుంటి కీలు లోతుగా ఉంటుంది కాబట్టి అక్కడ పూతతో పని జరగదు. క్యాప్సైసిన్ పూత మొదటి వారం మంట పుట్టించి, ఆ తర్వాత నరాల కొసలను మొద్దుబారుస్తుంది. రోజు విడిచి రోజు రాస్తే మంట మిగులుతుంది, ఫలితం రాదు.

కొత్త బెణుకుకు మంచుగడ్డను గుడ్డలో చుట్టి 10 నుంచి 15 నిమిషాలు పెడితే నొప్పి తగ్గుతుంది. అది గాయాన్ని త్వరగా మాన్పుతుందనడానికి మాత్రం గట్టి ఆధారం లేదు. పట్టేసిన కండరానికి, నెలసరి నొప్పికి కాపడం మేలు. స్పర్శ మొద్దుబారిన చోట, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారి పాదాల మీద, రెండూ పెట్టకూడదు, కాలినా తెలియదు. ఒళ్లు కాలితే మంచు వద్దు, టూత్‌పేస్టు వద్దు. పారే చల్లని నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచాలి. మూడు గంటల లోపు ఎప్పుడు చేసినా ఉపయోగమే.

నడుము నొప్పికి మంచం పట్టడం పాత సలహా, ఇప్పుడు ఎవరూ సమర్థించడం లేదు. ఒకటి రెండు రోజులు పనులు తగ్గించుకున్నా నడక మానకూడదు. నొప్పి ఉన్నంత మాత్రాన కదిలితే హాని జరుగుతుందని కాదు. వ్యాయామం చేసేటప్పుడు నొప్పి పదికి నాలుగైదు దాకా పెరిగినా, మర్నాటి ఉదయానికి మామూలు స్థాయికి వస్తే ఆ మోతాదు సరిపోయినట్టే. తెల్లారినా తగ్గకపోతే మరుసటిసారి తగ్గించాలి.

దీర్ఘకాలిక నొప్పి ఉన్నవారిలో పదేపదే కనిపించే పొరపాటు వేరు. నొప్పి తక్కువున్న రోజున పేరుకున్న పనులన్నీ చేసేస్తారు, ఆ తర్వాత మూడు రోజులు లేవలేరు. వారాలు గడిచేకొద్దీ చేయగలిగే పని తగ్గుతూ పోతుంది. దీనికి విరుగుడు గడియారం చూసి పనిచేయడం. నడకనే తీసుకుంటే, నొప్పి పెరగడం మొదలయ్యే దాకా ఎన్ని నిమిషాలు నడవగలుగుతున్నారో మూడు వేర్వేరు రోజుల్లో రాసుకోవాలి. 12, 20, 10 నిమిషాలు అనుకుందాం. సగటు 14. అందులో 80 శాతం, అంటే సుమారు 11 నిమిషాలు. ప్రతిరోజూ అంతే నడవాలి. బాగున్న రోజున కూడా 11 దగ్గర ఆగాలి, బాగోలేని రోజున కూడా వీలైనంతవరకు అంతే నడవాలి. వారానికి సుమారు 10 శాతం చొప్పున పెంచుకోవచ్చు. కష్టమంతా బాగున్న రోజున ఆగడంలోనే ఉంది.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సినవి

నడుము నొప్పితోపాటు కూర్చునే చోట మొద్దుబారడం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, కాళ్లు బలహీనపడటం కనిపిస్తే గంటలు లెక్కే. ఆలస్యమైతే ఆ నష్టం శాశ్వతంగా మిగలవచ్చు. నడుము నొప్పికి జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్, దీర్ఘకాలం స్టెరాయిడ్ల వాడకం తోడైనా వెంటనే చూపించుకోవాలి. నిమిషంలోపే పతాకస్థాయికి చేరే తలనొప్పి, మెడ బిగుసుకుపోయి జ్వరంతో వచ్చే తలనొప్పి, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన తలనొప్పి మాత్రతో చూసుకునేవి కావు. ఛాతీ బరువెక్కి చెమటలు పట్టడం అందరికీ తెలిసిన గుర్తే. మధుమేహం ఉన్నవారిలో, వయసు మళ్లినవారిలో గుండెపోటు నొప్పి లేకుండా ఆయాసంగానో నీరసంగానో రావచ్చు. చెయ్యి విరిగి కట్టు కట్టాక నొప్పి గంటగంటకూ పెరుగుతూ, వేళ్లు చాపితే ప్రాణం పోయినట్టుంటే కట్టు లోపల కండరాలకు రక్తం అందడం లేదేమోనని అనుమానించాలి. నొప్పి మందు పెంచుకుంటూ తెల్లారేదాకా ఆగకూడదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రెండు వారాల చిట్టా పట్టుకెళ్తే సగం పని అయినట్టే. రోజుకు రెండు వేళల్లో నొప్పి పదికి ఎంతుందో, ఆ రోజు నిద్ర ఎన్ని గంటలో, ఏ మందు ఎంత మోతాదులో ఎప్పుడు వేసుకున్నారో, ఎంత దూరం నడవగలిగారో రాస్తే చాలు. దీర్ఘకాలిక నొప్పిలో మందు ఫలించిందనడానికి నొప్పి పూర్తిగా పోనక్కర్లేదు. 30 శాతం, లేదా పది అంకెల కొలత మీద రెండు అంకెలు తగ్గితే చెప్పుకోదగ్గ మెరుగుదలగా లెక్కిస్తారు. సరైన మోతాదులో, చాలినన్ని వారాలు వాడాక కూడా అంతపాటి తేడా రాకపోతే ఆ మందును దించి వేరే మజిలీలో పనిచేసేదాన్ని చూడమని అడగవచ్చు.